బండ, రేగడి, ఇసుక: హైదరాబాద్ నుంచి కచ్చా దారి పట్టేవారు టైర్లు, సామగ్రి ఎంచుకోవలసిన విధానం

టైర్ల దుకాణానికి బయలుదేరే ముందు ఒక కాగితం తీసుకుని, గడచిన ఆరు నెలల్లో మీ బండి ఎక్కడెక్కడ తిరిగిందో రాయండి. ఆఫీసుకు ఎంత, ఔటర్ రింగు రోడ్డు మీద ఎంత, తారు దిగి మట్టిలో నడిచింది ఎంత అన్నది విడివిడిగా వేసుకోండి. ఉదాహరణకు ఆదివారం పొద్దున్నే చేవెళ్ల మీదుగా వికారాబాద్ దగ్గరి అనంతగిరి వైపు వెళ్లారనుకుందాం. నగరం నడిబొడ్డు నుంచి అక్కడికి సుమారు 80 కిలోమీటర్లు, అక్కడ తిరిగే మట్టి దారి మహా అయితే పది పన్నెండు. రానూ పోనూ కలిపి 172 కిలోమీటర్లలో కచ్చా దారి వాటా నూటికి ఏడు వంతులే అయింది. నిజంగా మట్టి కోసమే బండి కొన్నవారికి కూడా ఈ లెక్క ఇంచుమించు ఇలాగే తేలుతుంది.

ఈ కాగితం చేతిలో ఉంటే చాలా అనవసరపు ఖర్చు తప్పుతుంది. పెద్ద దిమ్మెల టైర్లు చూడముచ్చటగా ఉంటాయని వాటి మీద మొదట డబ్బు పోసి, గాలి కొలిచే మీటరు కూడా లేకుండా బయలుదేరేవారిని నేను తరచుగా చూస్తున్నాను. మన నేలల మీద బండిని ముందుకు నడిపేది టైరు గాళ్ల (పైన ఉండే గాడుల) లోతు కంటే ఆ టైరులో ఉన్న గాలి అని ఇన్నేళ్ల తిరుగుడులో నాకు గట్టిగా అర్థమైంది. అందుకే కొనుగోళ్ల వరుస కూడా దాన్ని బట్టే చెబుతున్నాను.

మొదటి మెట్టు: ఏ నేల మీద నడుపుతారో తేల్చుకోండి

హైదరాబాద్ నుంచి ఎటు బయలుదేరినా మొత్తం మీద నాలుగు రకాల నేల తగులుతుంది. నగరం నిలబడిన గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. పొడిగా ఉన్న పరుపుబండ మీద దాదాపు ఏ టైరైనా పట్టు చూపిస్తుంది. వానాకాలంలో దాని మీద పాచి కట్టినప్పుడు మాత్రం ఎంత లోతైన గాళ్లున్నా పని చేయవు, మెత్తని రబ్బరు, తగ్గించిన గాలి మాత్రమే కొంత ఆసరా ఇస్తాయి. ఎర్ర చెల్క నేలలు, మొరం దారులు అన్నిటికంటే తేలిక. అక్కడ సాధారణ టైర్లతో, సరైన గాలితో ఏడాదిలో ఎక్కువ రోజులు నిశ్చింతగా తిరగవచ్చు.

నల్లరేగడి సంగతి వేరు. తాండూరు, జహీరాబాద్ వైపు వెళ్లేవారు దీని గురించి బాగా తెలుసుకోవాలి. రేగడిలోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. వాన పడిన మరునాడు ఆ దారిలో బండి పెడితే చక్రం పది చుట్లు తిరిగేలోపే గాళ్లన్నీ మట్టితో నిండిపోయి టైరు నున్నటి గుండ్రాయిలా మారుతుంది. ఆ తరువాత మట్టి మడ్‌గార్డు లోపల పేరుకుని చక్రాన్నే పట్టేస్తుంది. మట్టిని విసిరేయడానికి వీలుగా దూరదూరంగా పేర్చిన దిమ్మెలుండే మడ్ టెర్రెయిన్ టైరు కూడా చక్రం వేగంగా తిరిగినప్పుడే తనను తాను శుభ్రం చేసుకోగలదు. ఆ వేగంలో బండి పక్కకు జారి కాలువలో పడటం చాలా తేలిక. దుక్కి దున్నే ట్రాక్టర్లకే కేజీ వీల్స్ (ఇనుప పంజరం లాంటి చక్రాలు) బిగించుకునే నేల అది. ఎండ కాస్తే రెండు మూడు రోజులు ఆగి వెళ్లండి, లేదా వేరే దారి చూసుకోండి. రేగడి తడిగా ఉన్నప్పుడు నేను బండి దించను, ఎవరినీ దించమని చెప్పను.

ఇసుక మంజీర, కృష్ణ ఒడ్డున తగులుతుంది. అక్కడ టైరు నేలను తవ్వకూడదు, పైన తేలాలి. కాబట్టి పెద్ద దిమ్మెల టైరు ఇసుకలో మేలు చేయకపోగా గుంత తవ్వి దిగబడేలా చేస్తుంది. గాలి తగ్గించిన మామూలు హైవే టైరే అక్కడ నయం. ఇసుక తవ్వి వదిలేసిన గోతులు పైకి కనపడవు కనుక ముందు నడిచి చూడకుండా ఏటి ఇసుకలోకి వెళ్లకండి.

వీటన్నిటికీ తోడు టైరును నిజంగా చంపేవి రెండున్నాయి. ఒకటి సర్కారు తుమ్మ ముల్లు, రెండోది కంది కొయ్య. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. ఆ కంది కోసిన తరువాత చేలో మిగిలే మోడు సంగతి మాత్రం బండి తిప్పేవారికి తెలిసి ఉండాలి. జానెడు ఎత్తున, కొడవలితో ఏటవాలుగా తెగిన ఆ కొన ఎండలో ఎండి ఉలి మొనలా తయారవుతుంది. ఒక సంక్రాంతి తరువాత ఆ ప్రాంతంలో ఎదురుగా వచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి ఎడమ చక్రాన్ని చేను అంచు మీదికి ఎక్కించాను. బుస్సుమన్న చప్పుడు విని దిగి చూస్తే, టైరు పక్కగోడలో చూపుడు వేలి గోరంత చీలిక కనిపించింది. పక్కగోడ చీలికకు పంక్చర్ స్ట్రిప్ నిలవదు. స్టెప్నీ తీస్తే అందులో గాలి 14 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మాత్రమే ఉంది, దాన్ని ఎనిమిది నెలలుగా చూడలేదు. కంప్రెసర్ ఉన్నందువల్ల ఆ రోజు ఇల్లు చేరాం. టైరు కొనేటప్పుడు పైగాళ్లతో పాటు పక్కగోడ ఎంత దృఢంగా ఉందో అడగమని చెప్పేది ఈ అనుభవంతోనే.

రెండో మెట్టు: టైరు రకం

దుకాణంలో మూడు మాటలు వినిపిస్తాయి. హైవే టెర్రెయిన్ అంటే హెచ్‌టీ, ఆల్ టెర్రెయిన్ అంటే ఏటీ, మడ్ టెర్రెయిన్ అంటే ఎంటీ. మీ కాగితంలో మట్టి వాటా నూటికి అయిదు లోపు ఉండి, అదీ పొడి రోజుల్లో మొరం దారి అయితే, ఇప్పుడున్న హెచ్‌టీ టైర్లు అరిగేదాకా వాడండి. మిగిలిన డబ్బు కింద చెప్పబోయే సామగ్రి మీద పెట్టండి.

మట్టి వాటా అంతకంటే ఎక్కువ ఉన్నవారికి, రాళ్ల దారులు, ముళ్ల దారులు తరచుగా తగిలేవారికి ఏటీ సరైన ఎంపిక. దీని గాళ్లు హెచ్‌టీ కంటే లోతుగా, దిమ్మెలు దృఢంగా ఉంటాయి, చాలా మోడళ్లలో పక్కగోడ కూడా మందంగా ఉంటుంది. శబ్దం కొద్దిగా పెరుగుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది, కానీ రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి ఆ భారం భరించదగినదే. దేశీయ కంపెనీల్లో సియట్, అపోలో, ఎంఆర్ఎఫ్, బయటి కంపెనీల్లో యోకోహామా, మాక్సిస్, బీఎఫ్ గుడ్‌రిచ్ ఈ తరగతిలో టైర్లు అమ్ముతున్నాయి. పేరు కంటే మీ సైజులో ఏది దొరుకుతుందో, అది ఎప్పుడు తయారైందో చూడటం ముఖ్యం.

ఎంటీ టైర్లను రోజువారీ బండికి నేను వద్దనే చెబుతాను. దిమ్మెల మధ్య ఖాళీ ఎక్కువ కనుక తారుకు తగిలే రబ్బరు తక్కువ. వాన నీళ్ల మీద బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది, మే నెల తారు మీద రబ్బరు త్వరగా అరుగుతుంది, 80 దాటితే లోపల మాట వినపడదు. ట్రాక్ మీద పోటీలకు వెళ్లేవారికి, లేదా దాని కోసమే రెండో సెట్టు చక్రాలు పెట్టుకోగలవారికి అవి తగినవి.

మూడో మెట్టు: టైరు పక్కన రాసి ఉన్నది చదవండి

ఉదాహరణకు మారుతి జిమ్నీ టైరు మీద 195/80 ఆర్15 96ఎస్ అని ఉంటుంది. 195 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 80 వంతులు, 15 అంటే రిమ్ము అంగుళాల్లో. 96 అన్నది బరువు సూచిక, ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదని దాని అర్థం. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. కొత్త టైరు బరువు సూచిక పాతదానికంటే తగ్గకూడదు.

సైజు పెంచాలనుకునేవారు ముందుగా ఈ లెక్క వేసుకోండి. వెడల్పును 0.80తో (టైరు మీద 75 అని ఉంటే 0.75తో) గుణించి, రెట్టింపు చేసి, రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి కలిపితే చక్రం ఎత్తు వస్తుంది. 195/80 ఆర్15కి అది 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15కి 704 దాకా వస్తుంది, తేడా నూటికి ఒకటిన్నర మాత్రమే. 235/75 ఆర్15 వేస్తే దాదాపు 734 అవుతుంది. అంటే నూటికి ఆరు వంతుల దాకా పెరుగుతుంది, బండి నిజంగా 100లో వెళుతుంటే చక్రం తిరిగే లెక్క ప్రకారం మీటరు చూపించేది 94, 95 దగ్గరే ఆగుతుంది. ఇంజిను మీద, బ్రేకుల మీద, స్టీరింగు మీద భారం పెరుగుతుంది, పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుంటుంది. ఇంత చేసీ నేల నుంచి బండి లేచేది ఆ తేడాలో సగమే, అంటే 20 మిల్లీమీటర్లు. తేడా నూటికి మూడు దాటకుండా చూసుకోవడం నేను పాటించే హద్దు.

తయారీ తేదీని డీఓటీ అని రాసిన వరుస చివర ఉండే నాలుగు అంకెలు చెబుతాయి. 1224 అని ఉంటే 2024లో 12వ వారం. ఏడాది దాటిన సరుకును కొత్త టైరు ధరకు తీసుకోకండి. అయిదూ ఆరేళ్లు దాటిన టైరు గాళ్లు బాగున్నా రబ్బరు గట్టిపడి, తడి బండ మీద జారుతుంది. కొనేటప్పుడు నాలుగు కాకుండా అయిదు కొనండి. స్టెప్నీ వేరే సైజులో ఉంటే నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చి నడిపేటప్పుడు గేరు పెట్టెలు దెబ్బతింటాయి.

నాలుగో మెట్టు: గాలి

బండి తలుపు దగ్గరి స్టిక్కరు మీద కంపెనీ సూచించిన గాలి రాసి ఉంటుంది. అది తారు రోడ్డుకు, చల్లబడిన టైరుకు చెప్పిన లెక్క. మధ్యాహ్నం ఎండలో నలభై కిలోమీటర్లు నడిపిన టైరులో గాలి కొలిస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువే చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకండి, మరునాడు పొద్దున్న తక్కువైపోతుంది.

తారు దిగాక గాలి తగ్గిస్తే టైరు నేలకు ఆనే జాడ పొడవు పెరుగుతుంది, బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది, రాయి తగిలినప్పుడు రబ్బరు దాని మీద ఒదుగుతుంది. మామూలుగా 32 పీఎస్ఐ వాడే బండికి నేను అనుసరించే అంకెలు ఇవి: గట్టి మొరం దారికి 24 నుంచి 26, బండలు, రాళ్లు ఎక్కడానికి 18 నుంచి 22, బురదకు 18 నుంచి 22, మెత్తని ఇసుకకు 15 నుంచి 18. దిగబడినప్పుడు మాత్రమే, అదీ నిదానంగా, మలుపు తిప్పకుండా బయటపడటానికి 12 దాకా దించవచ్చు. అంతకంటే తగ్గిస్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోతుంది. బరువైన బండికి, నిండా మనుషులు ఎక్కిన బండికి ఈ అంకెలు రెండు మూడు పెంచుకోండి. 20 లోపు గాలితో గంటకు 30 కిలోమీటర్లు దాటకండి. పక్కగోడ ఉబ్బి ఉంటుంది కనుక రాళ్ల పక్కగా వెళ్లేటప్పుడు అరడుగు అదనపు జాగా వదలండి.

గాలి తీయడం ఒకసారి ఇంటి దగ్గరే సాధన చేయండి. ఫోనులో గడియారం పెట్టి, వాల్వు పిన్నును నొక్కి పట్టి, 32 నుంచి 20కి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో రాసుకుంటే, తరువాత నాలుగు టైర్లకూ అదే లెక్క సరిపోతుంది, చివరి సారి మాత్రం మీటరుతో సరిచూసుకోవాలి.

అయిదో మెట్టు: సామగ్రి, ఈ వరుసలోనే

మొదట మంచి గాలి మీటరు, కంప్రెసర్ కొనండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న కంప్రెసర్లు ఆ సాకెట్ ఫ్యూజు, సాధారణంగా 10, 15 ఆంపియర్లది, భరించగలిగినంత శక్తే వాడుకోగలవు. ఒక్కో టైరుకు పదీ పదిహేను నిమిషాలు తీసుకుని, వేసవిలో రెండో టైరుకే వేడెక్కి ఆగిపోతాయి. బ్యాటరీకి క్లిప్పులతో నేరుగా తగిలించే రకం తీసుకోండి, వాడేటప్పుడు ఇంజిను నడుస్తూ ఉండాలి.

రెండోది ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్. తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉండిపోయే రకం. కటింగ్ ప్లయరుతో అది వెళ్లిన వాలులోనే నిదానంగా లాగాలి, ఆ తరువాతే స్ట్రిప్ పెట్టాలి. మూడోది పార, గడ్డపార, తోలు చేతొడుగులు. దిగబడిన బండిని బయటికి తెచ్చేది పదిలో ఏడు సార్లు పారే. చక్రం ముందు వాలుగా తవ్వి, గాలి తగ్గించి, రెండు గోనె సంచులు వేస్తే చాలాసార్లు ఇంకేమీ అక్కరలేదు. ట్రాక్షన్ బోర్డులు, అంటే దిగబడిన చక్రం కింద పెట్టే గరుకు పలకలు, కొనగలిగితే మంచిదే.

జాకీ కింద పెట్టడానికి అడుగు చదరం, రెండు అంగుళాల మందం ఉన్న చెక్క పలక తప్పనిసరిగా ఉండాలి. కంపెనీ ఇచ్చిన జాకీ మెత్తని నేలలో బండిని లేపదు, తానే దిగిపోతుంది.

తాళ్ల విషయంలో మాత్రం పొరపాటుకు చోటు లేదు. ఇనుప గొలుసు, పాత లారీ తాడు, గట్టి పాలిస్టర్ బెల్టు ఏవీ కుదుపుతో లాగడానికి పనికిరావు. దిగబడిన బండిని కదిలే బండితో లాగాలంటే సాగే నైలాన్ కైనెటిక్ తాడు కావాలి, అది సాగినప్పుడు శక్తి నిల్వ చేసుకుని నిదానంగా ఇస్తుంది. తెగే బలం బండి పూర్తి బరువుకు కనీసం రెండున్నర నుంచి మూడు రెట్లు ఉండాలి. రెండున్నర టన్నుల బండికి 6.25 నుంచి 7.5 టన్నులన్న మాట. తాడును బండికి తగిలించే ఇనుప కొండీని షాకిల్ అంటారు, అది కొనేటప్పుడు దాని మీద భరించే బరువు పోతపోసి ఉందో లేదో చూడండి. 19 మిల్లీమీటర్ల బో షాకిల్ మీద 4.75 టన్నులు అని ఉండాలి. ఏ ముద్రా లేనిది ఎంత చవకైనా వదిలేయండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బరువులెత్తే సామాను అమ్మే దుకాణాల్లో ముద్ర ఉన్న షాకిళ్లు దొరుకుతాయి.

తాడు కట్టే చోటు ఇంకా ముఖ్యం. చాలా ఎస్‌యూవీల బంపరులో మర బిగించే టో హుక్ రోడ్డు మీద చెడిపోయిన బండిని మెల్లగా లాక్కెళ్లడానికి ఇచ్చింది. ట్రెయిలరు తగిలించే గుండు ఎట్టి పరిస్థితిలోనూ కుదుపు లాగుడుకు వాడరాదు, అది విరిగితే తుపాకీ గుండులా దూసుకొస్తుంది. ఛాసిస్‌కు నేరుగా బిగించిన రికవరీ పాయింటు (లాగడానికే ఇచ్చిన గట్టి కొక్కెం) లేని బండిని కుదుపుతో లాగకుండా తవ్వి బయటికి తీయండి. లాగేటప్పుడు తాడు మధ్య తడిపిన గోనె సంచి వేయండి, చుట్టూ ఉన్నవారిని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టండి. ఊరి పిల్లలు చూడటానికి దగ్గరకు వస్తారు, వాళ్లను పంపించాకే యాక్సిలరేటరు మీద కాలు వేయండి.

వించ్, అంటే బండిని తాడుతో లాగే మోటారు, అందరికీ అవసరం లేదు. రెండు బండ్లు కలిసి వెళితే ఈ తాడే ఆ పని చేస్తుంది, ఒంటరిగా వెళ్లకపోవడమే అన్నిటికంటే మంచి ఏర్పాటు. నీళ్లలో దిగినప్పుడు ఇంజినుకు పై నుంచి గాలి అందించే గొట్టం స్నార్కెల్ కూడా అంతే. కొత్త మహీంద్రా థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు హద్దు 650 మిల్లీమీటర్లు, అది కదలని నీటికి చెప్పిన మాట. పారే వాగులో అరవై సెంటీమీటర్ల లోతు చాలా బండ్లను కొట్టుకుపోయేలా చేస్తుంది. నడిచి దాటలేని నీటిలోకి బండి దించకండి.

ఆరో మెట్టు: చట్టం, ఊరు, అడవి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బండి ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్రం తీసివేయించమని రాష్ట్రాలకు రాసింది. అవి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ పని తీరును చెడగొడతాయి. టైరు సైజు మీ మోడల్‌లో ఏదో ఒక వేరియంట్‌కు కంపెనీ ఇచ్చినదే అయితే బీమా దగ్గర చిక్కు రాదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతించిన రోడ్డు దిగకూడదు. పొలాల దగ్గర గట్ల కింద బోరు పైపులు, డ్రిప్ గొట్టాలు ఉంటాయి, మీ చక్రం ఒక్కసారి ఎక్కితే ఆ రైతుకు పంట తడి తప్పుతుంది. దారి పక్కన కనిపించిన పెద్దాయనను "అన్నా, ఇటు బండి పోతదా?" అని అడగండి. ఏ వాగులో ఎంత నీరుందో, ఏ దారి నిన్నటి వానకు తెగిందో ఆయన చెప్పినంత సరిగ్గా ఫోనులోని పటం చెప్పదు.

చివరి మెట్టు: తిరిగి వచ్చేటప్పుడు

తారు ఎక్కే ముందే ఆగి అయిదు టైర్లలోనూ గాలి నింపండి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా నడిపితే పక్కగోడ వేడెక్కి పగిలిపోతుంది. గాలి నిండేలోపు దిమ్మెల మధ్య ఇరుక్కున్న రాళ్లను స్క్రూడ్రైవరుతో తీయండి, టైరు లోపలి వైపు పక్కగోడ మీద కూడా చేయి తడిమి చూడండి, కోతలు అక్కడే కనపడకుండా ఉంటాయి. మరునాడు నీళ్లు కొట్టించేటప్పుడు రిమ్ము లోపలి అంచున ఎండిన మట్టి పూర్తిగా పోయేలా చూడండి. అది ఒకే వైపు పేరుకుంటే 70 దాటగానే స్టీరింగు వణుకుతుంది, చాలామంది అలైన్‌మెంటు పోయిందనుకుని డబ్బు ఖర్చు పెడతారు. చక్రం బోల్టులను మరోసారి పానాతో బిగించండి, ఎనిమిది పది వేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో సహా అయిదు టైర్ల చోట్లు మార్పించండి.